ఏడు గట్టి గింజలు

డల్సీ ఫోను చేసిందంటే ఎవరికో ఒకరికి పని పడ్డట్టే. ఎనభై నాలుగేళ్ల మనిషి. మిల్లడిన్ ఆసుపత్రి వెనక వరసలో ముసలివాళ్లకని కట్టిన గదుల్లో ఒకదాంట్లో మంచం పట్టి ఏడాది దాటింది. కాళ్లు పోయాయి, చూపు సగం పోయింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ నోటికి తోడు మేనకోడలు ఒక ఫోను కూడా కొనిచ్చింది, ఇక చెప్పేదేముంది.

ఏప్రిల్ మొదటి వారంలో, ఆ దేశంలో చలికాలం ఇంకా రెండు నెలలుందనగా, ఆ ఫోను పెర్త్‌లోని విత్తన బ్యాంకులో మోగింది.

"ఏమే గ్లెనిస్, ఉన్నావా?"

"ఉన్నాను డల్సీ. మీరెలా ఉన్నారు?"

"చావడానికి తీరిక లేక ఇలా ఉన్నా. విను. పదిహేడో మైలు మలుపు దగ్గర కౌన్సిలు వాళ్లు అరెకరం ఇచ్చారు. కంచె కూడా వేశారు. నా పువ్వుని మళ్లీ అక్కడ పెట్టాలి. ఈ చలికాలం దాటేలోపు మొలకలు కావాలి నాకు. నువ్వు దాచింది ఇక బయటికి తియ్యి."

గ్లెనిస్ చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది. "నాటే సైజుకి రావాలంటే ఏడాదన్నా పడుతుంది డల్సీ."

"ఏడాది నా దగ్గర లేదే. చిన్నవే పెడదాం. చుట్టూ పాల డబ్బాలు గుచ్చి కాపాడతామని బడి పంతులమ్మ మాటిచ్చింది. రెండు వేలున్నాయన్నావుగా? ఓ మూడొందలు ఇయ్యి చాలు. మిగతావి మీ ఫ్రీజర్‌లోనే ఉంచుకో, నేనేం ఆశపోతుని కాదు."

ఫోను పెట్టేశాక గ్లెనిస్ చాలాసేపు కుర్చీలోంచి కదల్లేదు. విత్తన బ్యాంకులో పనిచేసేవాళ్లు ఇలాంటి ఫోను కోసమే జీవితమంతా ఎదురు చూస్తారు. దాచినదాన్ని ఎవరో ఒకరు వచ్చి అడగాలి, అది తీసి ఇవ్వాలి, పోయిన మొక్క పోయినచోటే మళ్లీ మొలవాలి. ఇంకో మూడు నెలల్లో ఉద్యోగం నుంచి దిగిపోయే మనిషికి ఇంతకంటే మంచి వీడ్కోలు ఉండదు. కానీ ఆవిడ సంతోషించలేకపోయింది. ఎందుకో ఆవిడకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

ఆ పువ్వుకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరొకటి ఉంది గానీ మిల్లడిన్‌లో దాన్నెవరూ అలా పిలవరు. ఈకపువ్వు అంటారు. మోకాలెత్తు పొద. నవంబరులో పసుప్పచ్చగా పూస్తుంది, రేకుల అంచులు ఈకల్లా చీలి ఉంటాయి. చుట్టుపక్కల వంద మైళ్ల మేర గోధుమ పండిస్తామని చెట్టూ చేమా మిగల్చకుండా దున్నేసిన దేశం అది. అడవి అని చెప్పుకోవడానికి మిగిలిందల్లా రోడ్లకి అటూ ఇటూ పదేసి గజాల చార. అదీ పుణ్యానికి వదిలింది కాదు, రోడ్డు మీద గోధుమ పండదు కనక వదిలింది. ఆ చారలో పదిహేడో మైలు మలుపు దగ్గర, ఈ భూమ్మీద మరెక్కడా లేని ఆ పొదలు నలభై ఒకటి ఉండేవి. వాటిని మొదట చూసింది డల్సీ. పెళ్లయిన కొత్తల్లో గొర్రెల్ని తోలుకెళ్తూ చూసింది. మొగుడు కలుపు మొక్క అన్నాడట. "నువ్వే కలుపు" అందట ఈవిడ. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

విత్తన బ్యాంకుకి ఉత్తరం రాసి గ్లెనిస్‌ని అక్కడికి రప్పించింది కూడా డల్సీయే. అది తొంభై ఐదో సంవత్సరం డిసెంబరు, అక్కడ నడివేసవి. గ్లెనిస్ ఉద్యోగంలో చేరిన మొదటి కాలం. ఇద్దరూ ఎండలో మోకాళ్ల మీద పాకుతూ, ఎండిన పువ్వుల్ని గుడ్డసంచిలోకి దులిపారు. పొద మీద ఉన్నదాంట్లో ఐదో వంతుకి మించి ముట్టకూడదు, మిగతాది పొదకే వదలాలి. ఆ నియమాన్ని గ్లెనిస్ ఒక్క పువ్వు ఎక్కువ కాకుండా పాటించింది. మూడు వేలకి కాస్త తక్కువ వచ్చాయి.

ఈ ఈకపువ్వుది ఒక పాడు బుద్ధి. గింజని బయటికి రాల్చదు. ఎండిన పువ్వు అడుగునే దాచుకుంటుంది. పువ్వుకి ఒక్కటే గింజ. అదీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పైన పటారం, లోన లొటారం. లోపల గట్టి గింజ ఉందో, ఉత్త తాలో తెలియాలంటే కోసి చూడటమే దారి. కోస్తే ఆ గింజ చచ్చిపోతుంది కాబట్టి పదింటినే కోస్తారు. కళ్లు మూసుకుని చిటికెడు తీయాలి, ఏరకూడదు. బ్లేడుతో అడ్డంగా కోయాలి. లోపల తెల్లటి పప్పు కనిపిస్తే గట్టిది, ఏమీ లేకపోతే తాలు. కోసిన సగాల్ని ఒక అట్టకార్డు మీద టేపుతో అంటించి, పక్కన పదికి ఎన్నో రాయాలి. ప్యాకెట్‌ని చలిగదిలో పెట్టాక ఇక దాని గురించి లోకానికి తెలిసేది ఆ కార్డు చెప్పినంతే.

అప్పట్లో బ్యాంకుకి పెద్ద డెస్మండ్ అనే ఆయన. పనిమంతుడే గానీ నోరు మంచిది కాదు. గ్లెనిస్ అంతకు ముందు తెచ్చిన రెండు సంచులూ తాలని తేలితే, అందరూ చూస్తుండగా చెత్తబుట్టలో కుమ్మరించాడు. "ఈసారి కూడా తాలు తెచ్చి నా బల్ల మీద పోశావంటే, ముందు నిన్ను తూర్పారబడతాను" అన్నాడు. గది గదంతా నవ్వింది.

మూడో సంచి ఇది. గ్లెనిస్ కళ్లు మూసుకుంది, పది తీసింది, కోసింది. పదీ తాలే. గోధుమరంగు దుమ్ము తప్ప ఏమీ లేదు.

మూడు వేలల్లో పది తీస్తే పదీ తాలు తగలడం దురదృష్టం అనుకుంది. అలా అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పదింటినీ చెత్తడబ్బాలోకి ఊడ్చేసింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఒక్కో ఎండు పువ్వు అడుగునీ వేళ్ల మధ్య నొక్కి చూస్తూ, మధ్యాహ్నమంతా కూర్చుని, కాస్త బొద్దుగా తగిలినవి పది ఏరింది. వాటిని కోసింది. ఏడు తెల్లగా ఉన్నాయి, లేత కొబ్బరిలా. టేపు వేసి అంటించింది. పదికి ఏడు అని రాసింది. డెస్మండ్ ఆ కార్డు వెలుగులో పెట్టి చూసి, "ఫరవాలేదే, నీకు చెయ్యి కుదిరింది" అన్నాడు. ఆయన అలా అనడం ఎవరూ ఎరగరు. ఆ మాటని ఆవిడ చాలా ఏళ్లు గుర్తు తెచ్చుకుంటూ బతికింది. ఆ మాట కోసం ఏం చేసిందో మాత్రం గుర్తు తెచ్చుకునేది కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎనిమిదేళ్ల తర్వాత ఆ మలుపులో రెండు గోధుమ లారీలు బోల్తా పడ్డాయి. ఒకదాంట్లో డ్రైవరు చనిపోయాడు, ముగ్గురు పిల్లలవాడు. మలుపు తీసేసి రోడ్డు తిన్నగా వేస్తామని కౌన్సిలు తీర్మానించింది. తప్పేమీ కాదు. అప్పటికి కరువుకీ, లారీల దుమ్ముకీ పొదలు పద్నాలుగే మిగిలాయి. ఆ పద్నాలుగూ కొత్త రోడ్డు పడేచోటే ఉన్నాయి. డల్సీ వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి బుల్డోజరు ముందు వేసుకుని కూర్చుంది. ఫ్లాస్కుతో టీ, ఒక గొడుగు, మూడు రోజులు. ఆవిణ్ణి పక్కకి లాగే దమ్ము ఎవరికీ లేకపోయింది. ఆ బుల్డోజరు నడిపేవాడు కూడా చిన్నప్పుడు ఆవిడ చేతి కేకులు తిన్నవాడే.

ఈ మొక్క విత్తనం మీ దగ్గరుందా అని కౌన్సిలు వాళ్లు బ్యాంకుని అడిగారు. గ్లెనిస్ కార్డు తీసింది. ప్యాకెట్ విప్పలేదు. విప్పితే తేమ చేరుతుంది, ఊరికే విప్పకూడదని నియమం. మనిషికి అవసరమైనప్పుడు నియమాలు భలే గుర్తొస్తాయి. నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి, ఆ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, కార్డు చూపించింది.

"రెండు వేల గట్టి గింజలున్నాయి డల్సీ, మా దగ్గర. వందేళ్లయినా ఉంటాయి. ఈ పద్నాలుగూ పోయినా పువ్వు పోదు."

డల్సీ కార్డు మీది ఏడు తెల్ల సగాలనీ వేలితో తడిమింది. "ఒట్టేనా?"

"ఒట్టు."

డల్సీ లేచింది. గొడుగు ముడిచింది, కుర్చీ తనే ఎత్తుకుంది. సాయంత్రానికి పద్నాలుగు పొదలూ లేవు. ముందుగా కత్తిరించి ఉంచిన కొమ్మలు పాతితే నెల తిరక్కుండా అన్నీ నల్లబడి చచ్చాయి. ఫరవాలేదు, గింజలున్నాయిగా అనుకున్నారు అందరూ.

ఇప్పుడు ప్యాకెట్ విప్పే రోజు వచ్చింది. దాన్ని చలిగదిలోంచి తెచ్చింది మారిక. ముప్పై నాలుగేళ్ల పిల్ల, ప్రయోగశాలకి ఇప్పుడు తనే పెద్ద. తాతముత్తాతలు ద్రాక్షతోటల్లో పనికని సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. పనిలో ఉన్నంతసేపూ నోరు ఆడుతూనే ఉండాలి ఆ పిల్లకి.

"నాకంటే ఐదేళ్లే చిన్నది ఇది," అంది ప్యాకెట్ మీద మంచు తుడుస్తూ. "నన్ను కూడా ఇలా ఫ్రీజర్‌లో పెట్టి ఉంటే మా అమ్మకి ఎంత సుఖంగా ఉండేదో."

గ్లెనిస్ నవ్వలేదు. "ముందు ఎక్స్‌రే తీద్దాం," అంది.

"కార్డులో పదికి ఏడు ఉందిగా. తిన్నగా నానబెడదాం."

"తీద్దాం మారికా."

డెస్మండ్ కాలంలో ఎక్స్‌రే లేదు. ఇప్పుడు కోయక్కర్లేదు, పళ్లెంలో పరిచి యంత్రంలో పెడితే లోపలిది కనిపిస్తుంది. గట్టి గింజ తెల్లగా, తాలు నల్లగా. ఒక్కో పళ్లెంలో రెండు వందలు పట్టాయి. మొదటి పళ్లెం తెర మీదికి వచ్చింది. అంతా నలుపు. "పైపైన ఉన్న తాలు కాబోలు," అంది మారిక. రెండోది నలుపు. మూడోది నలుపు. ఐదో పళ్లేనికి మారిక నోరు ఆగిపోయింది. తొమ్మిదో దాంట్లో ఒక తెల్ల చుక్క కనిపించింది. పన్నెండో దాంట్లో రెండు. పదిహేనో పళ్లెంతో ప్యాకెట్ ఖాళీ అయింది.

"మూడు," అంది మారిక.

ఆ అంకెని పుస్తకంలో రాసుకుంటూ మళ్లీ తనే అంది.

"చూడండి గ్లెనిస్, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కార్డు అలా చూపించింది. ఖర్మకాలి గట్టివన్నీ ఆ పదిలోనే పడ్డాయి."

"లెక్క ప్రకారం అలా పడతాయా?"

మారిక తెర మీది చుక్కల్ని మళ్లీ లెక్కపెట్టింది. "పడవు," అంది. అప్పుడు తలతిప్పి గ్లెనిస్ మొహంలోకి చూసింది.

ఇరవై తొమ్మిదేళ్లలో గ్లెనిస్ ఆ మాట బయటికి చెప్పడం అదే మొదటిసారి. చెత్తడబ్బాలోకి ఊడ్చిన మొదటి పది గురించి చెప్పింది. వేళ్లతో ఏరిన రెండో పది గురించి చెప్పింది. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అది ఇంకా సిగ్గుగా ఉంది.

మారిక వేళ్ల మీద లెక్క వేస్తున్నట్టుగా నెమ్మదిగా అంది. "అంటే ఆ మూడువేలల్లో గట్టివి మొత్తం పదే. అందులో ఏడింటిని..."

"నేనే కోశాను," అంది గ్లెనిస్.

మిగిలిన ఆ మూడింటినీ మారిక సూదిమొనతో పువ్వుల్లోంచి బయటికి తీసింది. ఈ జాతి గింజలు అడవి తగలబడి పొగ తగిలితే గానీ నిద్రలేవవు. పొగ పట్టించిన నీళ్లలో ఒక రోజు నానబెట్టి, గాజుపళ్లెంలో పెట్టి, చలికాలపు చల్లదనంలో ఉంచింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ అన్నం సయించలేదు. తొమ్మిదో రోజున ఒకదానికి బూజు పట్టి మెత్తబడింది. రెండోది ఉలకలేదు, పలకలేదు, చివరికి తీసి చూస్తే లోపల ఎప్పుడో ఎండిపోయి ఉంది. ముప్పై మూడో రోజు పొద్దున మూడోదాని కొనలోంచి తెల్లటి వేరు దారప్పోగంత బయటికి వచ్చింది. మారిక గ్లెనిస్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. ఇద్దరూ ఏడ్చారు. జూన్ నాటికి దానికి రెండు ఆకులు వచ్చాయి.

ఒకటి వచ్చినందుకు సంతోషించాలి. కానీ ఈకపువ్వుది ఒంటరి కాపురం కాదు. గింజ కట్టాలంటే ఇంకో పొద పుప్పొడి కావాలి. ఇది పెరగొచ్చు, పూయొచ్చు, ఇరవయ్యేళ్లు బతకొచ్చు. ఆ తర్వాత ఏమీ ఉండదు. కొమ్మలు నాటి చూద్దామంటే ఈ మొక్క కొమ్మలు బతకవని అప్పుడే తేలింది.

మారిక ఆ మొలకని ఫోటో తీసి, పళ్లెమంత పెద్దది చేయించి ఇచ్చింది. "ఇది ఆవిడకి చూపించండి. ఇంకేం చెప్పకండి. వస్తున్నాయి, మెల్లగా వస్తాయి అనండి చాలు. ఎనభై నాలుగేళ్లు గ్లెనిస్! హాయిగా పోనివ్వండి పాపం."

"అంతేనంటావా?"

"నిజం చెప్పి ఆ ముసలామెకి మీరు చేసే మేలేంటి? మీ బరువు దింపుకుని ఆవిడ నెత్తిన పెట్టడమేగా?"

ఆ మాట గ్లెనిస్‌ని నిజంగానే ఆపింది. ఫోటో సంచిలో పెట్టుకుంది. పాత కార్డు కూడా పెట్టుకుంది. తియ్యాలో వద్దో అక్కడికి వెళ్లాక చూద్దామనుకుంది.

ఆ ఏడు తొలకరి ఆలస్యంగా పడింది, పడ్డాక మాత్రం గట్టిగానే పడింది. దారి పొడుగునా పొలాలు పచ్చబడుతున్నాయి. పదిహేడో మైలు దగ్గర ఇప్పుడు మలుపు లేదు, రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. పాత మలుపు ఉన్నచోట కొత్త కంచె కనిపిస్తే గ్లెనిస్ కారు ఆపింది.

కంచె లోపల గుంటలు తవ్వి ఉన్నాయి. వరసకి పదిహేను, ఇరవై వరసలు. ఒక్కో గుంటలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. పక్కన అడుగు కోసిన పాల డబ్బాలు దొంతరలుగా పేర్చి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టారు. గేటుకి చిన్నపిల్లలు పసుప్పచ్చ రంగుతో పువ్వు బొమ్మ వేసిన పలక ఒకటి కట్టారు. పార ఒకటి కంచెకి ఆనించి ఉంది. గులాబీరంగు చిలకలు నాలుగు ఒక గుంట అంచున దిగి నీళ్లు తాగుతున్నాయి. గ్లెనిస్ కారు దిగలేకపోయింది.

డల్సీ గదిలో దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. దువ్వించుకుంది, పూలచొక్కా తొడిగించుకుంది. బల్ల మీద టీ, బిస్కట్లు సిద్ధంగా ఉన్నాయి.

"రా రా. గుంటలు చూశావా? నిన్న మొన్న బడి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అంతా కలిసి తవ్వారు. ఆ బుల్డోజరు నడిపిన వెధవ లేడూ, వాడొచ్చి వంద తవ్వాడట. వాడికిప్పుడు నడుం నొప్పి. బాగా అయింది."

గ్లెనిస్ ఫోటో తీసి ఇచ్చింది. డల్సీ భూతద్దం పెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా పట్టుకుని చూసింది. ఆ మొహం ఎలా అయిందో చెప్పడం కష్టం.

"వచ్చావా తల్లీ," అంది ఫోటోతో. తర్వాత గ్లెనిస్‌తో, "అబ్బో, ఏం బలంగా ఉందే!" అంది.

"ఫోటో పెద్దది చేశారు డల్సీ. అసలుది అగ్గిపుల్ల తలంత ఉంటుంది."

"అడవి అంటుకోడానికి అగ్గిపుల్ల చాలదుటే? ఇలాంటివి ఎన్ని లేచాయి?"

వస్తున్నాయి అన్న మాట గ్లెనిస్ నాలుక చివరిదాకా వచ్చింది. అంతకుముందోసారి కూడా ఇలాగే, ఈ మనిషి ముందే, ఒక మాట నాలుక చివరికి వచ్చింది. అప్పుడు అది జారిపోయింది.

"ఒకటి," అంది.

"ఇప్పటికి ఒకటా?"

"ఎప్పటికీ ఒకటే."

డల్సీ భూతద్దం దింపింది. గ్లెనిస్ కార్డు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది, అంతా చెప్పింది. మారికకి చెప్పినంత త్వరగా చెప్పలేకపోయింది. డల్సీ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు, అది ఆవిడ స్వభావం కాదు. అంతా విన్నాక కార్డు మీది సగాల్ని వేలితో తడిమింది. టేపు పసుపు బారి పెళుసెక్కి ఉంది. తెలుపు ఎప్పుడో పోయింది, అన్నీ ఒకటే మట్టిరంగు.

"ఆనాడు నాకు చూపించినవి ఇవేనా?"

"ఇవే."

"గట్టివి ఇవేనా?"

"ఇవే."

"కోయకపోతే మొలిచేవా?"

"మొలిచేవేమో. అప్పుడు తాజాగా ఉన్నాయి."

"తాలు అనే రాసి ఉంటే ఏమయ్యేది?"

గ్లెనిస్ కళ్లు తుడుచుకుంది. "మళ్లీ ఏడాది వచ్చి ఏరేవాళ్లం. ఆ పై ఏడాదీ వచ్చేవాళ్లం. ఏడాదికి నాలుగు గట్టివి దొరికినా చాలు. పొదలున్నాయిగా అప్పటికి, నలభై ఒకటి. గింజలున్నాయని కార్డు చెప్తోందని ఇంక ఎవరమూ రాలేదు."

డల్సీ కిటికీ వైపు చూసింది. అక్కణ్ణించి చూస్తే ఆసుపత్రి బట్టలారేసే తీగ తప్ప ఏమీ కనబడదు.

"లారీలు పడుతున్నాయి, మనుషులు పోతున్నారు, లేవమ్మా అని ఊరంతా బతిమాలితే లేవలేదే నేను. పోయిన డ్రైవరు పెళ్లాం చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి నిలబడితే కూడా లేవలేదు. అంత పాపిష్టిదాన్ని. ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నీ కార్డు చూసి లేచాను."

"నన్ను క్షమించండి డల్సీ."

"ఎవరు క్షమించాలే? నేనా, అదా?"

టీ చల్లారిపోయింది. నర్సు తలుపు దగ్గరకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

"ఈ కార్డు ఇలాగే తీసుకెళ్లి మళ్లీ అరలో పెట్టేస్తావా?" అంది డల్సీ కాసేపయ్యాక.

"మా దగ్గర తప్పుని చెరపరు. మీద ఒక గీత కొడతారు, కింద ఏముందో కనబడేలాగ. పక్కన నిజం రాసి, తేదీ వేసి, సంతకం పెడతారు."

"కొట్టు మరి. ఇక్కడ, నా ఎదురుగా."

గ్లెనిస్ పెన్ను తీసింది. పదికి ఏడు అన్నదాని మీద గీత కొట్టింది. గీత వంకరపోయింది. పక్కన రాసింది, సంతకం పెట్టింది.

"చదువు. నాకు కనబడదు."

"మొదటి పది, అన్నీ తాలు. ఆ సంగతి దాచాను. రెండో పది కావాలని ఏరి కోసినవి. గ్లెనిస్ టాంకిన్."

డల్సీ తల ఊపింది. ఫోటోని బల్ల మీద బోర్లా పెట్టింది. కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమోనని గ్లెనిస్ సంచి సర్దుకుని లేవబోతుంటే కళ్లు తెరవకుండానే అంది.

"ఆ గుంటలు పూడ్చెయ్. గొర్రెల కాళ్లు విరుగుతాయి."

"పూడుస్తాను." గ్లెనిస్ తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఒక్కటి ఉంచమంటారా? ఆ మొలక పెద్దదయ్యాక..."

"ఒక్కదాన్ని తెచ్చి ఆ రోడ్డు పక్కన నిలబెట్టి ఏం చేస్తావే? తోడు కోసం చూసి చూసి చస్తుంది. పూడ్చెయ్, అన్నీ."

ఆ మధ్యాహ్నం పదిహేడో మైలు దగ్గర, కంచెకి ఆనించి ఉన్న పారతోనే గ్లెనిస్ మొదలుపెట్టింది. తడిసిన మట్టి బరువుగా ఉంది. అరవై ఒక్కేళ్ల చేతులకి రెండో వరస పూర్తయ్యేసరికే పొక్కులొచ్చాయి. గోధుమ మిల్లుకి పోతున్న లారీ ఒకటి వేగం తగ్గించి, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపి, "నాటుతున్నారా?" అని కేకేశాడు.

"లేదు, పూడుస్తున్నాను," అంది గ్లెనిస్.

అతనికి వినబడలేదు. బొటనవేలు ఎత్తి చూపించి, తిన్నని రోడ్డు మీద వెళ్లిపోయాడు. ఆవిడ మూడో వరసలోకి నడిచింది.